ఆనెకాయలూ గడప బయటి చెప్పులూ

కొత్తగా ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు పనికి చేరిన పిల్లలు పాముకాటు మనిషి వస్తే కాళ్లకు చక్రాలు కట్టుకుంటారు. ఎద్దు పొడిచినవాడు వచ్చినా అంతే. "అరికాల్లో ఆనె కాసింది సారూ" అంటూ ఎవరైనా కుంటుకుంటూ వస్తే మాత్రం బల్ల చివర కూర్చోబెట్టి మరిచిపోతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా ఉద్యోగంలో నాకు ఆకలి కూడా తెలియకుండా గడిచిన పూటలు చాలావరకు ఎవరిదో ఒకరి పాదం ఒడిలో పెట్టుకుని గడిపినవే. ఇది అతిశయోక్తి కాదు. పాదంలో ఉన్నంత వార్త మనిషి ఒంట్లో మరెక్కడా లేదు.

వార్త అన్న మాట ఊరికే వాడలేదు.

పత్రిక నుంచి పాదాల దగ్గరికి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు నేను అక్కడ ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. గుడారాల్లో ప్రభుత్వ కచేరీలు నడిచిన రోజులవి. రాజధాని హైదరాబాదుకు పోగానే మా పత్రికవాళ్లు కూడా బల్లలూ కుర్చీలూ సర్దుకుని పోయారు. నేను పోలేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో కట్లు కట్టడం నేర్చుకుని మార్కాపురం ఆసుపత్రిలో చేరాను. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉండేవి.

పత్రికలో నేను రాసిన వార్తలు దిద్దే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఏ వార్త చూపించినా కళ్లద్దాల పైనుంచి చూసి ఒకటే అడిగేవారు: "ఎప్పుడు?" ఎవరు, ఎక్కడ అన్నవి అందరూ రాస్తారనీ, ఎప్పుడు జరిగిందో అడగడానికి మాత్రం బద్ధకిస్తారనీ ఆయన ఫిర్యాదు. ఆసుపత్రికి వచ్చాక తెలిసింది, రోగుల విషయంలోనూ అదే బద్ధకం ఉంటుందని. ఎక్కడ నొప్పి అని అందరం అడుగుతాం. ఎప్పుడు అని అడిగేవాళ్లు తక్కువ.

మా డాక్టరమ్మ

అక్కడ నా పై అధికారి డాక్టర్ సుగుణమ్మ. గిద్దలూరు దగ్గర పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పట్టుదలగా డాక్టరు చదివి వచ్చిన మనిషి. చెయ్యి చాలా నిదానం, నోరు చాలా వేగం. మిగతా డాక్టర్లు పాదం చూడాల్సి వస్తే నిలబడే వంగి చూసేవారు. ఈమె పీట వేసుకుని కూర్చునేది.

మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. రోగి పేరూ ఊరూ అడగక ముందే పాదం చూసి వృత్తి చెప్పాలి. మార్కాపురంలో ఆ ఆటకు కొదవ లేదు. పలకలు చీల్చేవాళ్లు కాలు మడిచి కూర్చుని రాతిబిళ్లను పాదానికి ఆనించి ఉలి వేస్తారు. వాళ్లకు బయటి చీలమండ మీదా పాదం అంచునా నున్నటి కాయలుంటాయి. బస్తాలు మోసేవాళ్లకు మడమ చుట్టూ పగుళ్లు. జట్కా తోలేవాళ్ల పాదాలు మెత్తగా ఉంటాయి కానీ బొటనవేలి పక్కన కాయ కాస్తుంది. ఎక్కువసార్లు ఆమే గెలిచేది. గెలిచినప్పుడు చేతిలో కత్తి ఉందని కూడా మరిచిపోయి చప్పట్లు కొట్టబోయేది.

ఆమెలో లోపం లేదనను. రోగుల్ని తిట్టేది. ఆనె మీద నల్లజీడి రసం పెట్టుకుని కాల్చుకొచ్చినవాళ్లను, జిల్లేడు పాలు పోసుకొచ్చినవాళ్లను బల్ల ఎక్కించి మరీ తిట్టేది. దాంతో రెండోసారి వచ్చేటప్పుడు వాళ్లు నిజం దాచేవారు. నిజం దాచిన రోగికి వైద్యం చేయడం మూలం లేని వార్త అచ్చు వేయడం లాంటిది. మీరు తిట్టకండి. తిట్టాలనిపిస్తే నీళ్లు కాచే నెపంతో లోపలికి పోయి రండి.

కాయ వేరు, ఆనె వేరు

చర్మం మీద ఒత్తిడి వెడల్పుగా పడితే అది గట్టిపడి కాయ కాస్తుంది. అంచు ఎక్కడో తెలియదు, పసుపుపచ్చగా ఉంటుంది, చాలావరకు నొప్పి ఉండదు. పలకల పనివాడి చీలమండ మీది కాయ అలాంటిదే. అది అతనికి కవచం. అడగకుండా దాన్ని గీకితే మర్నాడు అతను పనిలో కూర్చోలేడు.

ఒత్తిడంతా ఒక్క బిందువు మీద పడితే గట్టిపడిన చర్మం మొనదేలి లోపలికి దిగుతుంది. అది ఆనె. నడుమ గాజులా మెరిసే గట్టి గింజ ఉంటుంది. దాన్ని మేము కన్ను అనేవాళ్లం. పైనుంచి నేరుగా నొక్కితే ప్రాణం పోతుంది. పక్కలనుంచి పిండినప్పుడు ఎక్కువ నొప్పి పుట్టి, పైపొర చెక్కితే సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తే అది ఆనె కాదు, పులిపిరి. దాని దారి వేరు.

పాదాన్ని గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టాలి. కత్తిని చర్మానికి పడుకోబెట్టి పట్టుకుని, ఉల్లిపొర కన్నా పల్చగా తియ్యాలి. నెత్తురు చుక్క కనిపించిందంటే మీరు తొందరపడ్డారని అర్థం. కన్ను ఊడి వచ్చే క్షణం ఉంది చూడండి, రోగి ముఖం కూడా అప్పుడే విప్పారుతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణం నాకు పాతబడలేదు. ఆనెను కరిగించే మందుపట్టీ వేస్తే చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాసలీను రాయడం మరవకండి. ఆ మందుకు మంచి చర్మం, చెడ్డ చర్మం అని తేడా తెలియదు.

ఇదంతా ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఓబులేసు వచ్చినప్పుడు తెలిసింది.

వంతులు వేసుకుని నొచ్చే కాళ్లు

ఓబులేసు కురిచేడు వైపు పల్లెలో గొర్రెల కాపరి. ఒంటినిండా గొంగళి, చేతిలో కర్ర, తెల్లబడుతున్న మీసం. భార్య తిరుపాలమ్మనూ, ఆమె తమ్ముడు చెంచయ్యనూ వెంటబెట్టుకుని పాసింజరు రైల్లో వచ్చాడు. నేను వసారాలో నిలబడి చూస్తున్నాను. ఆసుపత్రి ముందు దుమ్ములో కుడికాలు నిండుగా పడుతోంది. ఎడమకాలిది మాత్రం మడమ గుర్తొక్కటే. వేపచెట్టు కింద చెప్పులు వదిలి, గడప తాకి కళ్లకు అద్దుకుని లోపలికి వచ్చాడు.

రెండు పాదాల్లోనూ ఆనెలున్నాయి. కుడిపాదంలో బొటనవేలి మొదట, ఎడమపాదంలో చిటికెనవేలి మొదట. చుట్టూ నల్లగా కాలిన మచ్చ.

"జీడి పెట్టినావా?" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా."

"ఈ నలుపు యాడిది మరి? తారు పూసుకున్నావా?"

తిరుపాలమ్మ ముందుకొచ్చింది. "ఆయప్పనేం అనొద్దమ్మా. నేనే పెట్టినా. మూడుబాటల కాడ ఎవురో దిష్టి తీసి పారేసింది తొక్కినాడంట. తొక్కుడు నొప్పి జీడికి పోతాదన్నారు."

"నీ మొగుడి కాలా, కట్టెల పొయ్యా?" అని డాక్టరమ్మ మొదలుపెట్టింది. ముగించడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత రెండు ఆనెలూ శుభ్రంగా తీసింది. నేను కట్టు కట్టాను. కొన్నాళ్లు నడవొద్దని చెప్పి పంపాం.

నెల తిరక్కముందే ముగ్గురూ మళ్లీ వచ్చారు. ఆనెలు వచ్చేశాయి, అవే చోట్ల, ఇంకా లోతుగా. ఈసారి ఓబులేసు ముఖంలో నొప్పి కన్నా భయం ఎక్కువ కనిపించింది. ఆ ఏడు వాళ్ల వైపు వానల్లేవు. బీళ్లలో గడ్డి పుట్టలేదు. ఉగాది దాటగానే మందలన్నీ మార్కాపురం మీదుగా పడమటికి, నల్లమల అడవికి పోతాయి. ఇంట్లో మందతో నడవగలిగినవాడు ఓబులేసు ఒక్కడే. చెంచయ్యకు అతని మంద అతనికుంది. ఓబులేసు నడవలేకపోతే గొర్రెలు ఇంటి దగ్గర మలమల మాడాలి, లేదా కటికవాళ్లకు అమ్మాలి.

"బేరగాడు వచ్చి పోయినాడమ్మా. ఒక్కోదాని నోరు తెరిచి పండ్లు గూడా చూసుకున్నాడు," అన్నాడు ఓబులేసు. "మా నాయన కాడ్నించి వచ్చిన మంద."

"కట్టు ఇప్పేసి నడిచినావు గదా నువ్వు?" అంది డాక్టరమ్మ.

"ఇప్పలేదమ్మా. ఈయమ్మ ఇప్పనిస్తాదా?"

వెనక గోడకు ఆనుకున్న చెంచయ్య నవ్వాడు. "మా బావ కాళ్లు గవర్నమెంటోళ్ల మాదిరమ్మా. డ్యూటీ మార్చుకుంటాయి. ఇయ్యాల కుడిది నొచ్చితే రేపు దానికి సెలవు, ఎడమది ఎక్కుతాది."

"నీకొస్తే తెలుస్తాదిలేరా, నోరు మూసుకో," అన్నాడు ఓబులేసు.

నా చేతిలో గిన్నె ఉంది. కింద పెట్టేశాను. పత్రికలో ఆ పెద్దాయన గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది.

"ఎప్పుడు నొచ్చుతాది ఓబులేసన్నా? ఎగతాళి కాదు, నిజంగానే చెప్పు. ఈ పొద్దు ఏది?"

"కుడిది."

"నిన్న?"

"ఎడమది. మొన్న మళ్లా కుడిదే. అందుకేగా తొక్కుడంటాండేది. మామూలు నొప్పయితే ఒక కాడుంటాది గదా."

డాక్టరమ్మ నావైపు చూసింది, నేను ఆమెవైపు చూశాను. రోజు మార్చి రోజు వచ్చే జ్వరం ఉందని మాకు తెలుసు. రోజు మార్చి రోజు నొచ్చే ఆనె గురించి ఎవరూ వినలేదు.

పాత పేపరు మీద రెండు చుక్కలు

ఆమె పీట జరిపి లేచింది. పుండ్లకు రాసే నీలిమందులో దూది ముంచి రెండు ఆనెల మీదా చుక్క పెట్టింది. నేను పాత దినపత్రికలు రెండు తెచ్చి నేల మీద పరిచాను. ఓబులేసు అరికాళ్లు తడిపి ఒక్కో కాగితం మీద ఒక్కో కాలు ఆనించి నిలబెట్టాం. తడి ఆరిపోయేలోగా పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీశాను.

కుడిపాదం కాగితం మీద చుక్క ఎడమవైపు పడింది. ఎడమపాదం కాగితం మీదా చుక్క ఎడమవైపే పడింది. డాక్టరమ్మ ఒకదాని మీద ఒకటి పెట్టి, మడమకు మడమ కలిపి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పాదాల గీతలు కలవలేదు, కుడీ ఎడమా ఎలా కలుస్తాయి? చుక్కలు మాత్రం ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఆమె కాగితాలు దించింది. "కాళ్లు రెండు. పొడిచేది ఒకటే," అంది. వెంటనే, "నీ చెప్పులేవయ్యా?"

"బయట ఇడిసినానమ్మా, చెట్టు కింద."

"తీసుకురా."

ఓబులేసు కదల్లేదు. "ఆసుపత్రిలోకి చెప్పులెట్ల తెచ్చేదమ్మా? దేవళం లాంటిది గదా."

"దేవళమైతే మంత్రం వేసేదాన్ని. తెస్తావా, నేను పోయి తేవాల్నా?"

తిరుపాలమ్మే పోయి తువ్వాలలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చింది. విప్పి నేల మీద పెట్టాం. మందమైన తోలు చెప్పులు, అడుగున లారీ టైరు ముక్క. రెండూ ఒకే అచ్చు. వంపు లేదు, వాటం లేదు.

"ఇందులో కుడిది ఏది?" అన్నాను.

ఓబులేసు నన్ను జాలిగా చూశాడు. "జోడుకు కుడీ ఎడమా ఏంది సారూ? ఇయ్యాల కుడికేసింది రేపు ఎడమకేస్తా. ఒకే పక్క అరగకుండా. మా గొర్లోళ్లందరం అట్లనే తొడిగేది."

ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు. ఒక చెప్పులో ఎడమవైపున ఏదో ఉంది. దాన్ని కుడికాలికి వేస్తే బొటనవేలి కింద పొడుస్తుంది. మర్నాడు ఎడమకాలికి మారిస్తే అదే మొన చిటికెనవేలి కింద పొడుస్తుంది. దిష్టి కాదు, తొక్కుడు కాదు. వైద్యం కోసం లోపలికి వచ్చిన ప్రతిసారీ అతను కారణాన్ని మర్యాదగా చెట్టుకింద వదిలి వచ్చాడు. మేమూ అంతే మర్యాదగా ఉత్త పాదాలు చూసి పంపాం.

కానీ చెప్పులు రెండూ చేత్తో తడిమితే ఏమీ తగల్లేదు. చెంచయ్య కూడా వంగి తడిమాడు. "ఏం లేదు," అన్నాడు గెలిచినట్టు.

డాక్టరమ్మ చీర కొంచెం పైకి పట్టుకుని కాలు చెప్పులో పెట్టింది.

"అమ్మా, గొర్లోళ్ల చెప్పు మీ కాలికా," అని తిరుపాలమ్మ చెయ్యి అడ్డం పెట్టబోయింది. డాక్టరమ్మ వినలేదు. మొదటి చెప్పుతో వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఏమీ లేదు. రెండోదానితో నడిచింది. మడమ లేపి మునివేళ్ల మీద బరువు వేసిన చోట ఆగిపోయింది. నెమ్మదిగా అక్కడే నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది.

పై తోలు కోసి చూశాం. లోపల ఎద్దు నాడాకు కొట్టే మేకు ఒకటి, మొన వంచి ఉంది. చెయ్యి పెడితే అణిగి ఉంటుంది, మనిషి బరువు పడితే టైరు వంగి అది లేస్తుంది.

ఓబులేసు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "నేను కొట్టిందే," అన్నాడు. "పోయినేడు అడివిలో అడుగు అట్ట ఊడిపోతే బాటలో దొరికిన నాడా మేకు కొట్టినా. మొన వంచి, పైన తోలుముక్క అతికించినా. ఇదా నన్ను కుంటోణ్ణి చేసింది?"

"తొక్కుడే బావా," అన్నాడు చెంచయ్య. "కాకుంటే నీది నువ్వే తొక్కినావు."

ఈసారి ఓబులేసు కూడా నవ్వాడు.

నొప్పి లేని పాదం

ఓబులేసు కథ ముగించే ముందు ఒక హెచ్చరిక. ఈ ఉత్సాహంలో కత్తి పట్టుకుని ప్రతి పాదం మీదా పడకండి. గిద్దలూరు నుంచి ఒక హమాలీ వచ్చాడు. అరికాల్లో అంత ఆనె ఉన్నా నిబ్బరంగా నడుస్తున్నాడు. నొప్పే లేదన్నాడు. డాక్టరమ్మ కత్తి పక్కన పెట్టి, అతన్ని కళ్లు మూసుకోమని, కోడి ఈకతో పాదం తాకింది. అతనికి తెలియలేదు. కుష్ఠు తొలి దశలో ఉన్నాడు. ఆ ఆనె కింద అప్పటికే పుండు పడింది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల పాదాలకూ స్పర్శ పోతుంది. నొప్పి ఉన్న ఆనెతో మీకు పని ఉంది. నొప్పి లేనిది కనిపిస్తే కత్తి దాచి డాక్టరును పిలవండి.

గొంగళి ముక్క

మేకు దొరికింది కానీ ఓబులేసు కష్టం తీరలేదు. ఆనెలు మళ్లీ తీశాం, తీసిన చోట లేతచర్మం ఉంది. మందలు కదలడానికి ఎక్కువ రోజుల్లేవు. బేరగాడు మళ్లీ వస్తానని కబురు పెట్టాడు.

"పోవచ్చా అమ్మా?" అని అడిగాడు ఓబులేసు.

తెలియనిది తెలుసని చెప్పే అలవాటు డాక్టరమ్మకు లేదు. "చెప్పలేను. చర్మం గట్టిపడితే పోతావు. పచ్చిగా ఉంటే పుండు పడతాది, అడివిలో నిన్ను చూసేవాళ్లుండరు."

"అట్లయితే అమ్మేస్తాంలే," అంది తిరుపాలమ్మ మెల్లగా.

డాక్టరమ్మ అతన్ని వార్డులోనే ఉంచేసింది. ఆనె చోట బరువు పడకుండా చుట్టూ మెత్తటి వలయం పెట్టాలి. మా దగ్గరున్న దూది నడిస్తే నలిగి ఉండకట్టేది. నేను ఆలోచిస్తూ ఓబులేసు భుజం వైపు చూశాను. గొంగళి. నలగదు, చెమట పీలుస్తుంది, ఎంత తొక్కినా మళ్లీ లేస్తుంది. అంచున చిన్న ముక్క కోయమంటావా అని అడిగితే, "కొయ్యి సారూ, అది గొర్రెలదే గదా, వాటి కోసమే," అన్నాడు. నడుమ రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్లలు కోసి, ఆనె చోటు రంధ్రంలోకి వచ్చేలా అతికించాను. రోజూ పొద్దున కాళ్లు కడిగి, వేలి సందులు ఆరబెట్టి, ఆముదం రాసి, కొత్త బిళ్ల వేసి ఆసుపత్రి ఆవరణలో నడిపించేవాణ్ణి. ముందు గోడ దాకా, తర్వాత గేటు దాకా, తర్వాత రైలు స్టేషను బాటలో కొంత దూరం. పచ్చి ఆరింది. డాక్టరమ్మ బొటనవేలితో గట్టిగా నొక్కి, అతని ముఖం చూస్తూ, ఇంకా గట్టిగా నొక్కి, ఇంటికి పంపింది. పోవచ్చని మాత్రం అనలేదు. "అడుగు మారినట్టనిపిస్తే వెనక్కి తిరుగు," అంది.

మంద పోయిన బాట

మేము మామూలుగా రోగుల్ని చూసే పొద్దుటి వేళ వీధిలో గంటల చప్పుడు వినిపించింది. మందలు దిగాయి. ఆసుపత్రి ముందు బాటంతా ఉన్ని, దుమ్ము. ఒక మంద పోయింది, ఇంకొకటి పోయింది. చెంచయ్య తన మందతో పోతూ కర్ర ఎత్తి వెనక్కి చూపించాడు.

ఓబులేసు మంద వెనక నడుస్తూ వచ్చాడు. చంకలో అప్పుడే పుట్టిన రెండు గొర్రెపిల్లలు, భుజాన అంచు కోసిన గొంగళి. ఆసుపత్రి గేటు దగ్గర ఆగలేదు. మంద కదులుతుంటే కాపరి ఆగకూడదు. నడుస్తూనే ఒక కాలెత్తి చెప్పు అడుగు మాకు చూపించాడు. కొత్త అట్ట, దారంతో కుట్టించాడు. మేకు లేదు.

"ఈ పొద్దు కుడికేసినావా, ఎడమకేసినావా?" అని అరిచాను.

"మార్చేసినా సారూ. రెండు పక్కలా సమంగా అరగొద్దూ?" అన్నాడు పోతూ పోతూ.

అతను మలుపు తిరిగాక బాటలోకి దిగాను. కాపరి ఎప్పుడూ మంద వెనకే నడుస్తాడు కాబట్టి అతని అడుగులు గొర్రెల గిట్టల గుర్తుల మీద పడతాయి. వాటిని తొక్కేవాళ్లెవరూ ఉండరు. ఆ రోజు వసారాలోంచి చూసిన మడమ గుర్తు నాకింకా గుర్తే. కొంత దూరం వంగి చూస్తూ పోయాను. కుడిది నిండుగా ఉంది. ఎడమది నిండుగా ఉంది. మలుపు దగ్గరా అంతే, దాని అవతలా అంతే. బాటలో పోయేవాళ్లు నేనేదో పారేసుకున్నాననుకుని తామూ వెతకడం మొదలుపెట్టారు.

దాదాపు పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాను. "రెండూ నిండుగా పడతాండాయమ్మా," అన్నాను.

డాక్టరమ్మ పీట మీద కూర్చుని తర్వాతి రోగి పాదం చూస్తోంది. తలెత్తలేదు. నోటి చివర నవ్వు మాత్రం కనిపించింది. ఆ వెంటనే రోగి మీద కేకేసింది.

"చెప్పులు బయట ఎవురి కోసం ఇడిసినావయ్యా? పో, పోయి చేత్తో పట్టుకొని రా."